పళ్ళ సెట్టు ఎవరు చేస్తారు?

నాయనమ్మ పళ్ళు విరిగాయి

పొద్దున్నే ఆ ఇంట్లో గోల. నాయనమ్మ పళ్ళ సెట్టు విరిగింది.

బోరింగు దగ్గర కూర్చుని సెట్టు కడుగుతూ ఉంది. చెయ్యి జారింది. సెట్టు సిమెంటు గట్టు మీద పడింది. పై సెట్టు రెండు ముక్కలయింది.

నాయనమ్మకు అరవై రెండేళ్ళు. ఐదేళ్ళ కిందట పళ్ళు కట్టించుకుంది. అప్పటి నుంచి జొన్నరొట్టె కూడా నమిలి తింటోంది. ఇప్పుడు నోరు బోసిపోయింది. మాట కూడా తేడాగా వస్తోంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంక నాకు గంజే గతి" అంది.

మనవడు జిగురు సీసా తెచ్చాడు. "రెండు చుక్కలేస్తే అతుక్కుంటది నాయనమ్మా" అన్నాడు.

మనవరాలు ఆపింది. "వద్దురా. అది నోట్లో పెట్టుకునేది. డాక్టరుకి చూపిద్దాం" అంది.

కోడలు రెండు ముక్కల్నీ తడిగుడ్డలో చుట్టింది. అత్త, కోడలు, మనవరాలు బస్సెక్కి ఒంగోలు పోయారు.

పళ్ళ డాక్టరమ్మ ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూసింది. "ముక్కలన్నీ తెచ్చారు. జిగురు పెట్టలేదు. మంచి పని చేశారు. జిగురు పెట్టి ఉంటే ముక్కలు సరిగ్గా కూడేవి కావు. సాయంత్రానికి బాగవుతుంది" అంది.

"మీరే అతికిస్తారా అమ్మా?" కోడలు అడిగింది.

"నేను కాదమ్మా. ల్యాబులో చేస్తారు. పక్క వీధిలోనే ఉంది."

ఆ మాట ముగ్గురికీ కొత్త. పళ్ళు డాక్టరే తయారు చేస్తాడని ఇన్నాళ్ళూ అనుకున్నారు. మనలో చాలామంది అట్లాగే అనుకుంటాం.

డాక్టరు వేరు, తయారు చేసేవాళ్ళు వేరు

బట్టల కొట్లో కొలత తీసేది ఒకరు. వెనకాల మిషను మీద కుట్టేది ఇంకొకరు. పళ్ళ పని కూడా అట్లాంటిదే.

నోరు చూసేది డాక్టరు. జబ్బు కనిపెట్టేది డాక్టరు. పన్ను పీకేది, మందు రాసేది, కొలత తీసేది డాక్టరు. ఆ కొలతను బట్టి పళ్ళు తయారు చేసేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళనే డెంటల్ టెక్నీషియన్ అంటారు. చట్టంలో వాళ్ళ పేరు డెంటల్ మెకానిక్.

మన దేశంలో 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. పళ్ళ సెట్లు, నోటికి సంబంధించిన పరికరాలు తయారు చేసేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు డెంటల్ మెకానిక్‌లు అని ఆ చట్టం చెప్పింది. ఆ చట్టం స్థానంలో తేవడానికి 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది.

ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. టెక్నీషియన్ నోట్లో చెయ్యి పెట్టకూడదు. పన్ను పీకకూడదు. మందు ఇవ్వకూడదు. డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారమే పని చెయ్యాలి.

సంతల్లో, బస్టాండుల దగ్గర పెట్టె పెట్టుకుని పళ్ళు కట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. పది నిమిషాల్లో పన్ను కడతామంటారు. తీగ చుట్టి, పిండిలాంటి మందుతో పక్క పన్నుకు అంటించేస్తారు. అది తీసి కడుక్కోవడానికి కుదరదు. కింద మెతుకులు కుళ్ళిపోతాయి. చిగుళ్ళు వాస్తాయి. చివరికి మంచి పన్ను కూడా కదిలిపోతుంది. తక్కువలో అయిందని సంతోషపడితే, ఉన్న పళ్ళు పోతాయి.

ల్యాబులో ఏం చూశారు?

సాయంత్రం సెట్టు కోసం మనవరాలు ల్యాబుకు పోయింది. వెంట తల్లి కూడా పోయింది.

అది ఒక చిన్న గది. బల్ల మీద తెల్లటి దవడ అచ్చులు వరసగా ఉన్నాయి. ఒక మూల చిన్న కొలిమి. ఒక మూల గిర్రున తిరిగే మిషను. బల్ల దగ్గర నడివయసు ఆవిడ కూర్చుంది. ముందు చిన్న దీపం వెలుగుతోంది. ఆమె కత్తి మొనను దీపం మీద వేడి చేసి, గులాబిరంగు మైనం మీద గీస్తోంది. చూస్తుండగానే మైనం చిగురులాగా అయింది.

"అక్కా, ఇది మీరే చేశారా?" అమ్మాయి అడిగింది.

"నేనే. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని. కూర్చో, చూద్దువుగాని" అంది ఆవిడ.

ఆవిడ చెప్పిన సంగతులు ఇవి.

పళ్ళ సెట్టు ఎట్లా తయారవుతుంది?

ముందు డాక్టరు నోటి అచ్చు తీస్తారు. ఒక పొడిని నీళ్ళలో కలిపితే మెత్తటి ముద్ద అవుతుంది. దాన్ని పళ్ళెంలాంటి గరిటెలో పెట్టి నోట్లో అదుముతారు. ఒకటి రెండు నిమిషాల్లో అది జున్నులాగా గట్టిపడుతుంది. తీస్తే చిగుళ్ళ గుర్తులన్నీ అందులో పడతాయి. మట్టిలో పాదం గుర్తు పడ్డట్టు.

ఆ అచ్చు ల్యాబుకు వస్తుంది. రాగానే కడిగి, క్రిములు చచ్చే మందు పట్టించాలి. అది ఒకరి నోట్లో నుంచి వచ్చింది. ఉమ్మి, నెత్తురు ఉంటాయి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు.

తరవాత అచ్చులో ప్లాస్టర్ పోస్తారు. ఇక్కడ కొలత ముఖ్యం. 100 గ్రాముల మామూలు ప్లాస్టర్‌కు సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్ళు. గట్టి రాతి పొడి అయితే 30 చాలు. నీళ్ళు ఎక్కువైతే అచ్చు పెళుసుబారుతుంది. గాలి బుడగ ఉంటే అచ్చు మీద గుంట పడుతుంది. ఆ గుంటను బట్టి చేసిన సెట్టు చిగురును గుచ్చుతుంది. పిండి కలపడం చేతనైన మనిషికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

అచ్చు ఆరాక దాని మీద మైనంతో గట్టు కడతారు. డాక్టరు ఆ గట్టును నోట్లో పెట్టి చూస్తారు. ఆ మనిషి నోరు మూస్తే పై దవడ, కింద దవడ ఎక్కడ కలుస్తాయో గుర్తు పెడతారు. ఆ గుర్తుల ప్రకారం రెండు అచ్చుల్నీ ఒక ఇనుప పరికరానికి బిగిస్తారు. అది దవడలాగే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దాని పేరు ఆర్టిక్యులేటర్.

ఇప్పుడు పళ్ళు పేర్చాలి. పెద్దవాళ్ళకు ముప్ఫయి రెండు పళ్ళు. పూర్తి సెట్టులో మాత్రం మామూలుగా ఇరవై ఎనిమిదే పెడతారు. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. ఒక్కొక్క పన్నునూ మైనంలో నాటుతారు. ఒక్క పన్ను ఎత్తు అయినా నమిలేటప్పుడు సెట్టు తిరగబడుతుంది. ముందు పళ్ళు లోపలికి పోతే పెదవి పడిపోతుంది. బయటికి వస్తే నోరు మూతపడదు.

"మనిషి మొహం చూడకుండానే మొహం చెయ్యాలి. అదే ఈ పని" అంది ఆవిడ.

మైనం సెట్టును డాక్టరు నోట్లో పెట్టి చూస్తారు. బాగుందంటే తిరిగి ల్యాబుకు వస్తుంది. దాన్ని ఇత్తడి డబ్బాలో ప్లాస్టర్ మధ్య పెట్టి మూస్తారు. వేడినీళ్ళు పోస్తే మైనం కరిగి పోతుంది. పళ్ళు ప్లాస్టర్‌లోనే ఉంటాయి. మైనం ఉన్న చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో అక్రిలిక్ ముద్ద పెట్టి బిగిస్తారు. పొడి, ద్రవం కలిపితే ఆ ముద్ద తయారవుతుంది. చపాతీ పిండిలాగా ఉంటుంది.

తరవాత డబ్బాను నీళ్ళలో ఉడకబెట్టాలి. తొందరపడితే పని చెడుతుంది. ఆ ద్రవం సుమారు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గబగబా మరిగిస్తే సెట్టు లోపల బుడగలు పడతాయి. సెట్టు స్పంజిలాగా అవుతుంది, త్వరగా విరుగుతుంది. అందుకే సుమారు 74 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. సన్నసెగ మీద పాలు కాచినట్టు.

చల్లారాక డబ్బా విప్పి, సెట్టు తీసి, గరుకులు అరగదీసి, మెరుగు పెడతారు. సెట్టు తయారు.

తొడుగు పన్ను, కంచు బొమ్మ

సెట్టు ఒక్కటే కాదు. పుచ్చిన పన్నుకు వైద్యం చేశాక దాని మీద తొడుగు వేస్తారు. క్యాపు అంటారు. అది కూడా ల్యాబులోనే తయారవుతుంది.

లోహపు తొడుగు చేసే పద్ధతి చాలా పాతది. ముందు మైనంతో పన్ను చెక్కుతారు. దాని చుట్టూ మంట తట్టుకునే ముద్ద పోస్తారు. కొలిమిలో పెడితే మైనం కాలిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. అప్పుడు లోహం వేడి 1300 డిగ్రీలు దాటుతుంది.

ఈ పద్ధతి మన దగ్గర కొత్త కాదు. పాత ఆదిలాబాదు జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు ఇట్లాగే పోస్తారు. ముందు మైనం, మీద మట్టి, తరవాత కరిగిన లోహం. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మకూ పన్నుకూ కిటుకు ఒక్కటే. కాకపోతే పన్ను కొలత తల వెంట్రుకంత కూడా తప్పకూడదు.

తెల్ల తొడుగు కావాలంటే లోహం మీద పింగాణి పూస్తారు. సన్నటి కుంచెతో పొర మీద పొర వేస్తారు. సుమారు 900 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. రంగు చూసుకోవడానికి నమూనా పళ్ళ పట్టీ ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక పట్టీలో 16 రంగులు ఉంటాయి. మనకు అన్నీ తెలుపే అనిపిస్తాయి. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. కొన్ని పసుపు, కొన్ని బూడిదరంగు, కొన్ని ఎరుపు కలిసిన తెలుపు.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో కంప్యూటరు వచ్చింది. అచ్చును మిషను ఫొటో తీస్తుంది. తెర మీద పన్ను గీస్తారు. మిషనే జిర్కోనియా అనే తెల్ల దిమ్మెను చెక్కుతుంది. దాన్ని సుమారు 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలితే అది ఐదోవంతు దాకా కుంచించుకుపోతుంది. అందుకని ముందే పెద్దదిగా చెక్కుతారు. పచ్చి కుండ ఆరితే చిన్నదయినట్టు.

మిషను వచ్చినా మనిషి పని పోలేదు. పన్ను ఆకారం తెలియని వాళ్ళకు కంప్యూటరు ఇచ్చినా పన్ను గీయలేరు.

పసిబిడ్డకు, జబ్బు మనిషికి

ఈ పని ముసలివాళ్ళ కోసమే అనుకోకండి.

కొందరు బిడ్డలు పుట్టుకతోనే అంగిట్లో చీలికతో పుడతారు. మనం గ్రహణం మొర్రి అంటాం. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూడటం వల్ల వస్తుందని తల్లిని తిడతారు. అది నిజం కాదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. వంశంలో ఉండవచ్చు. పొగాకులాంటివి ప్రమాదాన్ని పెంచుతాయి. చాలాసార్లు కారణం ఒక్కటే అని చెప్పలేం. తల్లి చేసిన తప్పేమీ లేదు.

అట్లాంటి బిడ్డకు పాలు చీకడం కష్టం. పాలు ముక్కులోంచి వస్తాయి. కొందరు బిడ్డలకు అంగిలి అచ్చు తీసి, ల్యాబులో చిన్న పలక చేయిస్తారు. అది చీలికను మూస్తుంది. బిడ్డ పాలు తాగి బరువు పెరుగుతుంది. తరవాత ఆపరేషన్ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం కూడా ఉంది. ఏఎన్ఎమ్మును, ఆశా కార్యకర్తను అడగండి.

ఇంకొకటి. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతింటుంది. కొందరికి అక్కడ క్యాన్సరు వస్తుంది. ఆపరేషన్ చేస్తే అంగిట్లో కంత పడుతుంది. తింటే ముక్కులోకి పోతుంది. మాట ఎవరికీ అర్థం కాదు. అట్లాంటి వాళ్ళకు ఆ కంతను మూసే బిళ్ళతో సెట్టు చేస్తారు. అది పెట్టుకున్నాక మళ్ళీ అన్నం తింటారు. మళ్ళీ మాట్లాడతారు.

ఆ బిళ్ళ చేసిన మనిషిని వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

పాతకాలంలో పళ్ళు

పళ్ళు పోతే పెట్టించుకోవాలని మనుషులు ఎప్పటి నుంచో అనుకున్నారు.

జపానులో ఒక బౌద్ధ సన్యాసిని ఉండేది. ఆమె 1538లో చనిపోయింది. ఆమె వాడిన సెట్టు చెక్కతో చేసింది. ఒకే చెక్కను నోటికి సరిపోయేటట్టు చెక్కారు.

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. ఆయన 1789లో పదవిలోకి వచ్చే నాటికి నోట్లో ఒక్క పన్నే మిగిలింది. ఆయన పళ్ళు చెక్కవని చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఏనుగు దంతంలాంటి ఎముక, మనుషుల పళ్ళు, సీసం, స్ప్రింగులు కలిపి చేశారు. అవి బరువు. నోరు మూసి ఉంచడమే కష్టం.

అప్పట్లో ఐరోపాలో బీదవాళ్ళ పళ్ళు కొనేవాళ్ళు. 1815లో వాటర్లూ యుద్ధంలో చచ్చిపోయిన సైనికుల పళ్ళు పీకి అమ్మారు. డబ్బున్నవాళ్ళు అవి పెట్టించుకున్నారు.

తరవాత గట్టి రబ్బరు సెట్లు వచ్చాయి. 1930ల చివర్లో అక్రిలిక్ వచ్చింది. అది తేలిక. ఖరీదు తక్కువ. చిగురు రంగులో ఉంటుంది. ఈ రోజు పల్లెటూరి నాయనమ్మ నోట్లో ఉన్న సెట్టు, ఆనాటి అధ్యక్షుడి సెట్టు కంటే ఎంతో సుఖం.

చదువు ఎంత? ఎన్నేళ్ళు?

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి మాట్లాడలేదు. ఆమె ఇంటరు బైపీసీ పాసయింది. డాక్టరు సీటుకు మార్కులు చాలవు. ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి.

దిగేటప్పుడు మెల్లగా అంది. "అమ్మా, నేను ఆ పని నేర్చుకుంటా."

తల్లి వెంటనే ఏమీ అనలేదు. ఆమెను మూడో తరగతిలో బడి మాన్పించారు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలన్నారు. ముప్ఫయి ఎనిమిదేళ్ళకు రాత్రి బడిలో మళ్ళీ పలక పట్టింది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. సంతకం పెడుతుంది. బస్సు బోర్డు చదివి ఎక్కుతుంది.

"కనుక్కుందాం" అంది.

ఈ చదువు సంగతి ఇది. ఇంటరులో సైన్సు చదివినవాళ్ళు చేరవచ్చు. కోర్సు రెండేళ్ళు. పన్ను ఆకారం, వాడే పదార్థాలు, లోహాలు, రసాయనాలు, పని పద్ధతులు నేర్పుతారు. సబ్బు మీద, మైనం మీద పళ్ళు చెక్కిస్తారు. మొదటి పన్ను వంకరగా వస్తుంది. చెక్కగా చెక్కగా చెయ్యి తిరుగుతుంది.

పాసయ్యాక రాష్ట్ర దంత వైద్య మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. గుర్తింపు ఉన్న చోట చదివితేనే నమోదు చేస్తారు. బ్రిటన్‌లో కూడా 2008 నుంచి పేరు నమోదు లేకుండా ఈ పని చెయ్యనివ్వరు.

కోర్సు లేకుండా ల్యాబులో చేరి పని నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మంచి పనివాళ్ళు కూడా ఉన్నారు. కానీ చేతిలో కాగితం లేకపోతే ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఉద్యోగం అడగడానికి ఉండదు. జీతం దగ్గర కూడా చిన్నచూపు చూస్తారు.

కరపత్రం చదివిన తల్లి

వారం తిరక్కుండా ఒక మనిషి ఇంటికి వచ్చాడు. చేతిలో రంగుల కరపత్రం.

"మీ అమ్మాయి పళ్ళ కోర్సు చదువుతుందట కదమ్మా. మా దగ్గర ఆరు నెలలే. నూటికి నూరు శాతం ఉద్యోగం. ఫారిన్ కూడా పంపిస్తాం. సీట్లు రెండే ఉన్నాయి. ఈ రోజు డబ్బు కడితే తగ్గింపు. టెన్తు, ఇంటరు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చెయ్యండి" అన్నాడు.

తండ్రి బీరువా వైపు చూశాడు. తల్లి కరపత్రం తీసుకుంది. అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. మొదట ఒక పక్క. తరవాత రెండో పక్క.

చదవడం అయ్యాక తలెత్తింది. "ఇందులో దంత వైద్య మండలి పేరు ఎక్కడా లేదేమయ్యా?" అంది.

ఆ మనిషి నవ్వాడు. "అవన్నీ మీకెందుకమ్మా. మేం చూసుకుంటాం కదా."

"నా బిడ్డ చదువు నాకు ఎందుకా?" అంది తల్లి. ఇంకా అడిగింది. పరీక్ష ఎవరు పెడతారు? సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది? కట్టిన డబ్బుకు రసీదు ఇస్తారా? అందరూ రెండేళ్ళు చదివేది ఆరు నెలల్లో ఎట్లా అయిపోతుంది?

ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. ఆ మనిషి కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బాగా ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి" అని పోయాడు.

సర్టిఫికెట్లు బీరువాలోనే ఉన్నాయి. డబ్బూ బీరువాలోనే ఉంది.

మరునాడు తల్లీకూతుళ్ళు విజయవాడ పోయారు. అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో, ఇంకా కడపలో కూడా ఉన్నాయి. గుర్తింపు ఉన్న కోర్సు ఎక్కడుందో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో ఇట్లాంటి చోట అడగాలి. అడగడానికి డబ్బు ఖర్చు కాదు. అడక్కపోతే ఖర్చవుతుంది.

పనిలో కష్టాలు

మంచి మాత్రమే చెబితే మోసం చేసినట్టే. ఈ పనిలో కష్టం కూడా ఉంది.

మొదట్లో జీతం తక్కువ. కొన్ని ల్యాబుల్లో ఎన్ని పళ్ళు చేస్తే అంత డబ్బు. పెళ్ళిళ్ళ రోజుల్లో, పండగల ముందు పని మీద పడుతుంది. పొద్దుపోయే దాకా కూర్చోవాలి. మెడ, నడుము, కళ్ళు లాగుతాయి. చెయ్యి తిరిగాక, ముఖ్యంగా పింగాణి పని, కంప్యూటరు పని వచ్చాక సంపాదన పెరుగుతుంది. కొందరు సొంత ల్యాబు పెట్టుకుంటారు.

అసలు ప్రమాదం దుమ్ము. అచ్చులు పోసే ముద్దలో ఇసకలాంటి సన్నటి పొడి ఉంటుంది. లోహం అరగదీస్తే లోహపు దుమ్ము లేస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. రాళ్ళు కొట్టేవాళ్ళకు వచ్చే జబ్బే ఇది. వస్తే మళ్ళీ పోదు. కాబట్టి రాకుండా చూసుకోవాలి. దుమ్మును లాగేసే మిషను ఉండాలి. మంచి మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చీరకొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు.

అక్రిలిక్ ద్రవం ఘాటుగా ఉంటుంది. చర్మానికి పడకపోతే దురద, పుండ్లు వస్తాయి. అది మండే ద్రవం కూడా. దీపం పక్కన సీసా పెట్టకూడదు. కిటికీలు తెరిచి ఉంచాలి. వదులు చున్నీ, విరబోసిన జుట్టు తిరిగే మిషనులో చిక్కుకుంటాయి. ముడి వేసుకోవాలి.

ల్యాబులో చేరేముందు జీతం ఒక్కటే అడగకండి. దుమ్ము లాగే మిషను ఉందా అని కూడా అడగండి.

రెండేళ్ళు ఆగుదాం

ఆ రాత్రి ఇంట్లో మాటలు జరిగాయి.

"ఆడపిల్ల. రెండేళ్ళు పోతే సంబంధాలు రావు" అన్నాడు తండ్రి.

తల్లి నెమ్మదిగా చెప్పింది. "నన్ను మూడో క్లాసులో ఆపారు. ఎవరో చదివి చెబితేగాని నాకు ఏదీ తెలియకుండా ముప్ఫయి ఏళ్ళు పోయాయి. దానికి రెండేళ్ళే అడుగుతున్నా."

తండ్రి మాట్లాడలేదు. నాయనమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. గిన్నెలో నీళ్ళలోంచి సెట్టు తీసి పెట్టుకుంది. పళ్ళు లేకుండా చెబితే కొడుకు వినడని ఆమెకు తెలుసు.

"ఒరేయ్, ఈ పళ్ళు చేసింది కూడా ఒక ఆడపిల్లే. ఆమెను కూడా ఎవరో చదివించారు. చదివించబట్టే నేను రొట్టె తింటున్నా" అంది.

తండ్రి చాలాసేపు బీడీ తిప్పుతూ కూర్చున్నాడు. తరవాత అన్నాడు. "సరే. రెండేళ్ళు ఆగుదాం."

దరఖాస్తు కాగితం మీద సంరక్షకుల సంతకం కావాలి. ఆ ఇంట్లో ఎప్పుడూ తండ్రే పెట్టేవాడు. ఈసారి అమ్మాయి కాగితం తల్లి ముందు పెట్టింది. తల్లి ముందు కాగితం అంతా చదివింది. తరవాత సంతకం పెట్టింది.

పళ్ళ సెట్టు ఉన్నవాళ్ళకు కొన్ని మాటలు

సెట్టు కడిగేటప్పుడు కింద నీళ్ళ గిన్నె పెట్టుకోండి. లేదా గుడ్డ పరుచుకోండి. జారినా విరగదు.

మెత్తటి బ్రష్షుతో, సబ్బుతో రుద్దండి. బూడిద, ఇటికపొడి వద్దు. గీతలు పడతాయి.

మరిగే నీళ్ళలో వెయ్యకండి. వంకర పోతుంది.

రాత్రిపూట తీసి మంచినీళ్ళలో ఉంచండి. చిగుళ్ళకు విశ్రాంతి కావాలి.

పుండు పడితే మీరే అరగదీయకండి. డాక్టరుకు చూపించండి. రెండు వారాలు దాటినా మానని పుండును అసలు వదలకండి.

విరిగితే ముక్కలన్నీ జాగ్రత్త చెయ్యండి. జిగురు పెట్టకండి.

చదివారు కదా, చెప్పండి

1. పళ్ళ డాక్టరు పని ఏమిటి? డెంటల్ టెక్నీషియన్ పని ఏమిటి?

2. అక్రిలిక్ సెట్టును గబగబా మరిగిస్తే ఏమవుతుంది?

3. కరపత్రం చదివి తల్లి ఏమేమి అడిగింది? మీరైతే ఇంకేం అడుగుతారు?

4. మీ ఊళ్ళో ఇంటరు చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ళు ఏం చదవాలనుకుంటున్నారు? వాళ్ళను అడిగి, వాళ్ళ పేర్లు, కోరికలు మీ చేత్తో రాయండి. రాత్రి బడిలో అందరికీ చదివి వినిపించండి.